చైను ఫ్రీ అంట!

పోయిన నెల మా మామూతో కలిసి నంద్యాలలో ఒక మిషన్ల అంగడికి పోయాను. ఆయనకు రేతీలు కావాలి. రేతీ అంటే తెలుగులో ఆకురాయి. మేము కౌంటరు దగ్గర ఉండగానే ఆళ్ళగడ్డ వైపు పల్లె నుంచి ఒక పిల్లోడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. "అన్నా, గట్టి మిషన్ చూపియ్యి. చింతమాన్లు కొయ్యాల" అన్నాడు. అంగడాయన పైనుంచి డబ్బా దించి, "58 సీసీ, 22 అంగుళాల బారు. చైను ఫ్రీ" అన్నాడు. పిల్లోడు మిషన్ ఎత్తి చూశాడు, తాడు లాగి చూశాడు, రేటు మీద చాలాసేపు బేరమాడాడు. చైను ఉన్న కవరు మాత్రం విప్పలేదు.

బయటికొచ్చాక మామూ బీడీ ముట్టించుకుని ఒకటే మాట అన్నాడు. "చైన్ ఫ్రీ బోల్రా. జాన్ భీ ఫ్రీచ్ హై క్యా?" చైను సరే, ప్రాణం కూడా ఉత్తదేనా అని.

అప్పటినుంచీ ఈ సంగతి రాయాలని ఉంది. చెట్లు కోసే పనిలో మిషన్ కన్నా చైను ముఖ్యం. ఆ చైను ఎంచుకునే ఇఖ్తియార్ దాన్ని పట్టుకుని చెట్టెక్కే మజ్దూరుకు ఉండాలి, డబ్బు పెట్టే మేస్త్రీకి కాదు. మా ఇలాఖాలో నడుస్తున్నది దీనికి పూర్తిగా ఉల్టా.

మామూ వాళ్ళది ఆరాకష్‌ల ఖాందాన్. ఆరా అంటే పెద్ద రంపం, ఆరాకష్ అంటే దాన్ని లాగేవాడు. దుంగను ఎత్తు మీద పెట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి లాగేవాళ్ళు. కిందున్నవాడి కళ్ళనిండా, నోటినిండా బురాదా. రంపపు పొట్టును మేము బురాదా అనే అంటాం. చిన్నప్పుడు మామూ కింద, ఆయన అబ్బాజాన్ పైన. ఆ కాలంలో రంపం పళ్ళు ఎవరి రంపానివి వాళ్ళే దిద్దుకునేవాళ్ళు. పొద్దున చాయ్ కంటే ముందు రేతీ పని. ఆ పని రానివాడిని ఆరాకష్ అనేవాళ్ళే కాదు.

తర్వాత కోత మిషన్లు వచ్చాయి. పాత 18వ నంబరు, ఇప్పటి 40వ నంబరు జాతీయ రహదారిని నాలుగు లేన్లు చేసినప్పుడు నంద్యాల, శిరివెళ్ళ మెట్ట, ఆళ్ళగడ్డ పొడుగునా రోడ్డు పక్క చింతలు, వేపలు పోయాయి. ఆ రోడ్డు మీద చిన్నప్పుడు బస్సులో పోతుంటే కొమ్మలు కిటికీకి తగిలేవి. చెట్లతో పాటు ఆ పాత హునర్ కూడా పోయింది. మిషన్ చేతికొచ్చాక రేతీ పట్టడం ఎవరూ నేర్పలేదు, ఎవరూ నేర్చుకోలేదు. మొద్దుబారితే ఇంకా గట్టిగా నొక్కుతారు, అంతే.

ఇప్పుడు చైను సంగతికి వస్తాను. పనివాళ్ళు చదువుతారో లేదో తెలియదు, వాళ్ళ తమ్ముళ్ళో కొడుకులో ఫోన్లో చదివి చెప్తారని ఆశ.

చైను కొనేటప్పుడు మూడు లెక్కలు సరిపోవాలి. ఒకటి పిచ్, అంటే లింకుల మధ్య దూరం. మామూలుగా దొరికేవి .325, మూడు బై ఎనిమిది. రెండోది గేజ్, బారు గాడిలో కూర్చునే లింకు మందం. 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు. మూడోది ఆ లింకుల సంఖ్య. 1.5 గాడిలో 1.3 చైను వేస్తే తిరుగుతుంది, కానీ అటూ ఇటూ ఊగుతూ కోత వంకర పోతుంది. పిచ్ తప్పితే స్ప్రాకెట్‌నూ చైనునూ రెండింటినీ తినేస్తుంది. బారు మీద ఈ అంకెలు చెక్కే ఉంటాయి. పాత చైను చేతిలో పట్టుకుని అంగడికి పోతే చాలు, మోసం జరగదు.

ఇంకోటి, పన్ను ఆకారం. మూల చదరంగా ఉండే ఫుల్ చిజిల్, మూల గుండ్రంగా ఉండే సెమీ చిజిల్. శుభ్రమైన మానులో ఫుల్ చిజిల్ వేగంగా దూసుకుపోతుంది. అంగట్లో దాన్నే పొగిడి అమ్ముతారు. కానీ మన దగ్గర శుభ్రమైన మాను ఎక్కడుంది? రోడ్డు పక్క వేపకు దుమ్ము, ట్యూషన్ బోర్డుల మేకులు, ఎన్నికల ఫ్లెక్సీల తీగలు. పొలం గట్టు తుమ్మకు మట్టి. కుందూ ఒడ్డు సర్కారు తుమ్మకు ఒండ్రు. చింత చేవ సంగతి చెప్పక్కర్లేదు. మన ఖసాయిలు మాంసం కొట్టేది చింతమొద్దు మీదనే, ఊరికే కాదు. ఇలాంటి చోట ఫుల్ చిజిల్ అంచు తొందరగా పోతుంది. సెమీ చిజిల్ కాస్త నిదానం, కానీ పదును నిలుస్తుంది. నన్నడిగితే నంద్యాల, ఆళ్ళగడ్డ పనికి సెమీ చిజిలే. మామూ కూడా ఇదే అంటాడు, పేరు తెలియకుండానే. "గోల్ దాంత్ వాలా" అని అడిగి తెచ్చుకుంటాడు.

ఈ చైను పుట్టుకలో ఒక తమాషా ఉంది. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే పనివాడు మొద్దును తొలిచే పురుగు పిల్లను చూశాడు. అది నారకు అడ్డంగానూ నిలువుగానూ ఒకేలా తినేస్తోంది. దాని దవడలు చూసి చైను పన్ను గీశాడు. పెద్ద ఇంజినీరేం కాదు, చెట్లు కోసేవాడే. పనిముట్టు ఎలా ఉండాలో పనివాడికే తెలుస్తుందని నేననడానికి నాకు దొరికిన సనద్ ఇది.

పదును సంగతి బురాదానే చెప్తుంది. మంచి చైను పెళుసు పెళుసుగా పెచ్చులు విసురుతుంది. పిండిలా మెత్తగా పొడి రాలుతోందంటే చైను మొద్దుబారిందని అర్థం. ఆపి, రేతీ పట్టాలి. .325 చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి రేతీ. మూడు బై ఎనిమిదికి 5.2 లేదా 5.5. అదే సైజులో చిన్న మిషన్లకు వచ్చే లో ప్రొఫైల్ చైనుకు 4. ముప్పై డిగ్రీల వాలు, ఒకే వైపు తోపు, అన్ని పళ్ళూ ఒకే పొడవు. మన దగ్గర చాలామందికి ఒకటే రేతీ, అది అన్ని చైన్లకూ.

అసలు గునా జరిగేది ఇంకో చోట. ప్రతి పన్ను ముందర ఒక చిన్న బొడిపె ఉంటుంది. పన్ను ఎంత మాను తినాలో అది నిర్ణయిస్తుంది. పన్ను కన్నా 0.65 మిల్లీమీటరు కిందికి ఉండాలి, అంతే. మామూ దాన్ని చౌకీదార్ అంటాడు. పన్నుకు పదును పెట్టే ఓపిక లేనివాళ్ళు ఈ చౌకీదార్‌ను అరగదీస్తారు. అప్పుడు మిషన్ మీద పడి కొరుకుతుంది, చూసేవాడికి "అబ్బ, ఏం కోస్తోంది" అనిపిస్తుంది. ఆ కొరుకుడులో బారు కొన పైభాగం ఏ కొమ్మకో తగిలిందంటే మిషన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది. చైను సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెడుతుంటుంది. చేయి వెనక్కి తీసుకునే టైము ఉండదు.

నాలుగేళ్ళ కింద మామూ కొడుక్కి అలాగే అయ్యింది. ఓ మేస్త్రీ ఇచ్చిన మిషన్, మేస్త్రీ ఇచ్చిన చైను. చౌకీదార్లు సగానికి అరగదీసినవి. ముందర చేతికి అడ్డంగా ఉండే బ్రేకు పిడిని "పనికి అడ్డం" అని ఎప్పుడో పీకేశారు. మిషన్ ఎగిరినప్పుడు మణికట్టు తగిలి చైనును ఆపాల్సింది ఆ పిడే. వేపచెట్టు మీద, పది అడుగుల ఎత్తులో, ఎడమ మోచేయి పైన పడింది. చెయ్యి నిలబడింది, అల్‌హందులిల్లా. వేళ్ళలో పట్టు మాత్రం రాలేదు. మేస్త్రీ మొదటిరోజు హాస్పిటల్ దాకా వచ్చాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఇక్కడ చట్టం లేక కాదు. 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టంలో చెట్లు నరికే పనిని పేరు పెట్టి రాశారు, తాటిచెట్లు గీసే పనితో పాటు ఒకే వాక్యంలో. తెల్లోడి కాలంలోనే ఇది ఖతర్నాక్ పని అని వాళ్ళకు తెలుసు. కానీ పరిహారం అడగాలంటే యజమాని ఎవరో చూపాలి. చెట్టు బేరంలో కాగితం ఎక్కడుంటుంది? రైతు చెట్టును అడితివాడికి అమ్ముతాడు, అడితివాడు మేస్త్రీకి చెప్తాడు, మేస్త్రీ పొద్దున సెంటర్లో నిలబడ్డ నలుగురిని ఆటో ఎక్కిస్తాడు. చెయ్యి తెగినోడు ఎవరి మజ్దూరు? 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. మంచిదే. ఆ కాగితం పట్టుకుని వచ్చేవాణ్ణి ఒక్క మాట అడిగితే ఏం పోతుంది? కోసేవాళ్ళెవరు, మిషన్‌కు బ్రేకు ఉందా, కాళ్ళకు కవచం ఉందా అని. ఆ కాళ్ళ కవచంలో పొడుగాటి దారాలుంటాయి. చైను తగలగానే అవి స్ప్రాకెట్‌కు చుట్టుకుని మిషన్‌ను ఆపేస్తాయి. మా దగ్గర ఒక్కడి కాళ్ళకూ నేను చూడలేదు. లుంగీ, హవాయి చెప్పులు.

మిత్రుడొకడికి ఇది చెప్తే, "చెట్లు కొట్టేసేవాళ్ళకు సలహాలిస్తున్నావా, పర్యావరణం ఏమైంది?" అన్నాడు. చైను మొండిగా ఉన్నందుకు బతికిన చెట్టు ఒక్కటీ లేదు భాయీ. కరెంటు తీగల కింద కొమ్మ కొట్టేటప్పుడు మొండి చైనైతే బెరడు కిందిదాకా చీలి, బతకాల్సిన చెట్టు కూడా కుళ్ళుతుంది.

గరీబు దగ్గర అంత పైసా ఎక్కడిది అనేది మాత్రం సరైన సవాల్. స్టిల్, హస్క్‌వర్నా లాంటి పెద్ద కంపెనీల 70 సీసీ మిషన్ ఒక మజ్దూరు కొనలేడు. ఆ పిల్లోడు కొన్న 58 సీసీ చైనా మిషన్‌ను నేను తప్పు పట్టను. బ్రేకు పనిచేస్తుంటే, రబ్బర్లు గట్టిగా ఉంటే దానితోనూ బతకొచ్చు. రబ్బర్లు పోతే ఆ వణుకుకు కొన్నేళ్ళలో వేళ్ళు తిమ్మిరెక్కి తెల్లబడతాయి, అదొక బీమారీ. నేననేది ఒకటే. మిషన్‌లో మిగుల్చుకున్న డబ్బులో కొంత చైను మీద పెట్టు. ఫ్రీ చైను పక్కన పడేసి మంచి సెమీ చిజిల్ రెండు కొను. ఒకటి నడుస్తుంటే ఒకటి సంచిలో. 22 అంగుళాల బారు చూసి మురవద్దు, 18 సరిపోయే చోట 18 పెట్టు, ఇంజను ఊపిరి తీసుకుంటుంది. చెట్టెక్కి కొమ్మలు కొట్టడానికి ఆ బరువు అసలు వద్దు. 30, 35 సీసీ చిన్న మిషన్, 12 లేదా 14 అంగుళాల బారు, లో ప్రొఫైల్ చైను. ఒకే పెద్ద మిషన్‌తో కిందా పైనా పని చేయించేది మేస్త్రీ లోభం, మజ్దూరు అవసరం కాదు. బారు మీద కాలిన ఇంజనాయిల్ పోసే అలవాటు కూడా మానుకోవాలి. దాంట్లో ఉండే ఇనుప పొడి బారునే అరగదీస్తుంది.

మేస్త్రీలూ వింటారని కాస్త ఉమ్మీద్ ఉంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు జుమ్మా ఖుత్బాలో విని తల ఊపేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కూలి టైముకే ఇస్తారు కూడా. చైను మాత్రం అరిగిందే ఇస్తారు.

మామూ కొడుకు ఇప్పుడు చెట్లెక్కడు. ఇంటి అరుగు మీద వైసు బిగించుకుని అందరి చైన్లకూ రేతీ పడుతున్నాడు. బారును వైసులో బిగిస్తే కుడిచేత్తో పని నడుస్తుంది, ఎడమచెయ్యి ఊరికే ఆనిస్తే చాలు. చౌకీదార్ అరగదీయమని అడిగితే మిషన్ వాపస్ ఇచ్చేస్తాడు. మొన్న నేను పోయేసరికి అరుగు కింద ఏడు మిషన్లున్నాయి. వాటిలో ఒకటి కొత్తది, 58 సీసీది, 22 అంగుళాల బారు. వారం కూడా కాలేదంట, ఫ్రీ చైను పళ్ళన్నీ గుండ్రంగా అయిపోయాయి. పిల్లోడు మెట్టు మీద కూర్చుని రేతీ ఎలా తోస్తున్నాడో చూస్తున్నాడు. "ఇంకొక చైను కొనుక్కురాపో" అన్నాడు మా వాడు, తల ఎత్తకుండానే. "గోల్ దాంత్ వాలా అని అడుగు. పాతది చేతిలో పట్టుకుని పో."