గ్రూపుకు అడ్మిన్ ఉన్నట్టా, లేనట్టా?

కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు కుశస్థలి నదిలో పడి పళ్ళిపట్టు చుట్టుపక్కల కాజ్‌వేలను ముంచేస్తాయి. గేట్లు ఉన్నది ఆంధ్రలో, దారులు మునిగేది తమిళనాడులో. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో కలిశాయి గాని చుట్టరికాలు, బేరసారాలు, వరదలు గీతకు అటూ ఇటూ ఒకటిగానే ఉండిపోయాయి. సర్కారు కబురు రెండు రాష్ట్రాల దఫ్తరాలు దాటి వచ్చేలోపే, ఎగువనున్న బంధువెవరో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. మరమగ్గాల కూలి, నూలు ధర, చెరకు కటింగ్ ఆర్డరు, పిల్లల బడి సెలవు అన్నీ ఆ గ్రూపుల్లోనే. అందుకే ‘అదంతా చెత్త, గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి’ అనే పట్నం సలహా ఇక్కడ చెల్లదు.

ఆ గ్రూపుల్లోకే ఇప్పుడు పెళ్ళి శుభలేఖ వస్తోంది. ఫైలు పేరు శుభలేఖే, చివర మాత్రం ‘ఏపీకే’ అని ఉంటుంది. నిజమైన శుభలేఖ ఫొటోగా వస్తుంది, లేకపోతే పీడీఎఫ్‌గా వస్తుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త యాప్‌ను ఎక్కించే ఫైలు. నొక్కితే తెలియని చోటు నుంచి వచ్చిన యాప్ అని ఫోను ఒకసారి అడ్డు చెబుతుంది. పెళ్ళి ఎవరిదో చూద్దామన్న ఆత్రంలో ఆ అడ్డు దాటేస్తాం. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, అదీ ఇచ్చేస్తాం. ఇక బ్యాంకు పంపే ఓటీపీ మనం చూసేలోపే అవతలివాడు చూస్తాడు. పీఎం కిసాన్ డబ్బులు, ఆర్టీవో చలానా, స్టేట్ బ్యాంకు రివార్డు పాయింట్లు... ఎర ఏదైనా లోపలున్నది ఇదే సరుకు. ఈ ఫైళ్ళ గురించి తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పదేపదే హెచ్చరిస్తూనే ఉంది.

అసలు దెబ్బ ఆ తర్వాతిది. వాట్సాప్‌ను వేరే ఫోనులో తెరవడానికి కావలసిన కోడ్ కూడా ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది కదా. అది చిక్కితే ఆ నంబరు వాడి చేతికి వెళ్ళిపోతుంది. అక్కడినుంచి ఆ నంబరున్న గ్రూపులన్నిటికీ అదే ఫైలు. మనకు కనిపించేది దొంగ పేరు కాదు, మేనమామ పేరు. మేనమామ పంపిన శుభలేఖను అనుమానించేవాళ్ళు మన ఇళ్ళలో ఎందరు?

కొత్త దొంగతనమేమీ కాదిది. 1999 మార్చి 26న మెలిస్సా వైరస్ బయటపడింది యూజ్‌నెట్ అనే చర్చావేదికలోని ఒక గ్రూపులోనే. వర్డ్ ఫైలు తెరిచినవాళ్ళ అవుట్‌లుక్ చిరునామాల్లో మొదటి 50 మందికి అది తానే ఉత్తరాలు రాసుకుంది, అదీ తెరిచినవాళ్ళ పేరుతోనే. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ‘ఐ లవ్ యూ’ది మరో ఎత్తుగడ. ప్రోగ్రాము ఫైలుకు మామూలు టెక్స్ట్ ఫైలు వేషం వేశారు, ఫైలు పేరు చివరనున్న అసలు తోకను విండోస్ దాచిపెట్టింది. ఆ రోజు ప్రేమలేఖ, ఈ రోజు శుభలేఖ. మధ్యలో పాతికేళ్ళు గడిచినా తెలిసినవాళ్ళ పేరు చూసి తలుపు తీసే మన అలవాటు మారలేదు, మారాలని కోరుకోవడమూ అన్యాయమే.

చెత్త ప్రకటనలు ఒక వేదికను ఎలా తినేస్తాయో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఇంజనీర్లు సాహిత్యం, సినిమాలు, రాజకీయాలు వాదించుకున్నది యూజ్‌నెట్‌లోని ‘సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ గ్రూపులో. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతి అక్కడివాళ్ళ చేతుల్లోనే నలిగింది. 1994 ఏప్రిల్‌లో ఆరిజోనాకు చెందిన ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది యూజ్‌నెట్ గ్రూపుల్లో ఒకేసారి గుప్పించారు. గ్రీన్‌కార్డు అంటే చెవికోసుకునేవాళ్ళను వెతుక్కుంటూ వచ్చిన మొదటి పెద్ద వ్యాపార స్పామ్ అది. జనం తిట్టారు, లాయర్లు మాత్రం వ్యాపారం బాగుందని చెప్పుకున్నారు. ఆ తర్వాత చెత్త పెరిగింది, మాట్లాడుకునేవాళ్ళు తగ్గారు. చివరికి 2024 ఫిబ్రవరి 22న గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో తెగతెంపులు చేసుకుంటూ చెప్పిన కారణాల్లో స్పామ్ ఒకటి. యూజ్‌నెట్‌లో చాలా గ్రూపులకు వాకిట్లో కాపలా లేదు. దాని చావుకు అదే అసలు కారణమని నా అభిప్రాయం.

వాట్సాప్ గ్రూపులకు ఆ సాకు లేదు. కాపలాదారు ఉన్నాడు, చేతిలో కర్ర కూడా ఉంది. ఎవరు పెట్టిన పోస్టునైనా అందరి ఫోన్లలోంచి తీసేసే అధికారం 2022 నుంచి అడ్మిన్‌కు వచ్చింది. కొత్తవాళ్ళు తన ఆమోదంతోనే చేరేట్టు, ఎవరూ సందేశం పెట్టకుండా గ్రూపును కాసేపు మూసేట్టు చేసుకోవచ్చు. మరి చేయరేం? మొహమాటం. ‘మామా, నీ నంబరు నుంచి దొంగ ఫైలొస్తా ఉంది, రెండ్రోజులు గ్రూపులోంచి తీసేస్తా’ అంటే మామకు తల కొట్టేసినట్టవుతుంది. రేపు పెళ్ళిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. ఈ భయంతో అడ్మిన్ ఊరుకుంటాడు, ఆ ఊరుకున్న గంటలో ఇంకో నలుగురు ఫైలు నొక్కుతారు.

సభ్యుడి పోస్టుకు, కేవలం అడ్మిన్ అయిన పాపానికి ఎవరూ నేరస్తులు కారని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. సరైన తీర్పులే. అయితే జైలు తప్పింది కదా అని పని కూడా తప్పిందనుకుంటే ఎలా?

అడ్మిన్లకంటే పెద్ద తప్పు ప్రభుత్వ కార్యాలయాలది, బ్యాంకులది. కేవైసీ, పథకాలు, చలానాలు అంటూ వాళ్ళే లింకులు పంపి జనానికి నొక్కుడు నేర్పారు. ఇప్పుడు నొక్కొద్దంటే అసలేదో నకిలీ ఏదో చెప్పేదెవరు? పళ్ళిపట్టులో ఇంకో చిక్కుంది. తమిళనాడు 2006 చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరైంది. తెలుగింట్లో మనవడు తమిళం చదువుతాడు, తాతకు తెలుగు అక్షరాలే వచ్చు. పోలీసుల హెచ్చరిక తమిళంలోనో ఇంగ్లిషులోనో వస్తే తాతకు చేరదు. రెండు నిమిషాల తెలుగు వాయిస్ మెసేజ్ చేయించడానికి జిల్లా యంత్రాంగానికి పెద్ద ఖర్చేమీ కాదు.

డబ్బు పోయినవాళ్ళను ‘ఖాతా ఆంధ్రలోని నగరి బ్యాంకులో అయితే నగరికే వెళ్ళు’ అని తిప్పి పంపే హక్కు ఏ స్టేషనుకూ లేదు. కాగ్నిజబుల్ (వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరంపై ఫిర్యాదును, అది ఎక్కడ జరిగినా, తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.

అడ్మిన్లకు నేను చెప్పేది ఇంతే. ఏపీకే ఫైలు కనిపిస్తే ముందు తీసేయండి, పంపిన నంబరును ఆపండి, ఆ తర్వాత ఆ మనిషికి మామూలు ఫోన్ చేసి చెప్పండి. సభ్యులు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోండి. ఫైలు నొక్కేసి ఉంటే డేటా కట్ చేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.