పెళ్లికీ నెల తప్పడానికీ మధ్య: ముఖ్యమంత్రి గారికి పాలమూరు నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,



మీ సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూలు జిల్లాలోది. మీరు చదువుకున్న వనపర్తి నేనుండే ఊరు. కాబట్టి పాలమూరు కష్టసుఖాలు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో కొత్తగా పెళ్లయిన జంటల తరఫున ఒక విన్నపం చేయడానికే ఈ లేఖ. తల్లికీ బిడ్డకూ సర్కారు ఇచ్చే సాయమంతా నెల తప్పాకే మొదలవుతోంది. అది పెళ్లి నాటి నుంచే, భార్యాభర్తలిద్దరికీ కలిపి మొదలవ్వాలి. వైద్యారోగ్య శాఖ ఒక్కటే అనుకుంటే అయ్యే పని కాదిది. రెవెన్యూ, సంక్షేమ శాఖలూ చేయి కలపాలి. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

జరిగిన మంచిని ముందుగా ఒప్పుకోవాలి. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అందుతున్నాయి. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌తో ఎందరో తల్లులు కాన్పుకు సర్కారు దవాఖాన గడప తొక్కారు. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలను ఎంచి పోషణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆ తొమ్మిదిలో జోగులాంబ గద్వాల ఉంది, నాగర్‌కర్నూలు ఉంది. ఖర్జూరాలు, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్‌తో కూడిన ఆ కిట్టు మొదటిసారి చేతికందేది 13 నుంచి 27 వారాల మధ్య. రెండోది 28 వారాల తర్వాత.

అయితే బిడ్డ శరీర నిర్మాణంలో కీలకమైన ఘట్టాలు ఆ 13 వారాల లోపే ముగిసిపోతాయి. మెదడుకీ వెన్నుపాముకీ మూలమైన నాళం, గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారాలు. ఇంట్లో వాళ్లకే సరిగా తెలియని సమయమది. ఆ నాళం మూసుకోకపోతే బిడ్డ వెన్ను మీద గడ్డతో పుడుతుంది, లేదా పుర్రె ఏర్పడక పుట్టిన కాసేపటికే కన్నుమూస్తుంది. దీన్ని చాలావరకు అడ్డుకోగలిగేది ఫోలిక్ యాసిడ్ గోలీ. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. మూడో నెలలో పేరు నమోదు చేసుకుని అప్పుడు మొదలుపెడితే ఈ ఒక్క విషయంలో ఆలస్యమైపోయినట్టే.

ఈ గోలీ వెనుక మన నేలకూ వాటా ఉంది. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనకు నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వెన్ను లోపంతో ఒక బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఎక్కువ మోతాదులో దీన్ని వాడితే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ తేల్చింది. మన దేశంలోనూ 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలు, గర్భానికి ముందు నుంచే దీన్ని రోజూ వాడాలని చెబుతున్నాయి. కాగితం మీది ఆ మాట మా పల్లెల్లోని కొత్త కోడళ్ల దాకా చేరడం నేను చూడలేదు.

ఆశా కార్యకర్త కొత్త కోడలున్న ఇంటికి వెళ్తే ఏమవుతుందో చెబుతాను. గడపలోనే అత్త అడ్డుతగులుతుంది: "ఇంక నెలే తప్పలె, అప్పుడే గోలీలెందుకమ్మా?" కోడలు తలుపు చాటున నిలబడి వింటుంటుంది. కొడుకు హైదరాబాదుకు సెంట్రింగ్ పనికి పోయి ఉంటాడు. ఆశా తన రిజిస్టరులో ఆ జంట పేర్లు రాసుకుని, పిల్లల మధ్య ఎడం గురించి ఒక మాట చెప్పి మరో ఇంటికి పోతుంది. మూడు నెలలు తిరగకముందే వాడకట్టంతా ఆ పిల్లను "ఏమన్న విశేషమా?" అని అడుగుతుంది. ఒంట్లో రక్తం ఎంతుందని మాత్రం ఒక్కరూ అడగరు.

అడగాల్సింది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో ఉన్నన్నాళ్లూ వారానికొకటి ఇచ్చే ఐరన్ గోలీ బడి మానాక చాలామందికి అందదు, మళ్లీ నెల తప్పాకే కనబడుతుంది. హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరున్న పిల్ల పన్నెండుకు రావాలంటే నెలలు పడుతుంది. కడుపులో బిడ్డ పెరుగుతుండగా ఆ లోటు పూడ్చడం మరింత కష్టం. కాన్పులో రక్తస్రావమైతే తట్టుకోలేక ప్రాణం మీదికి వచ్చేది ఇలాంటి తల్లులకే. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని తేలింది. ఆ వయసు పిల్లకు కావలసింది బడి. ఈ లేఖలో నేను అడుగుతున్నవన్నీ పద్దెనిమిది నిండి, ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటల కోసమే.

ఇక మగవాళ్ల సంగతి. తల్లీబిడ్డల కార్డు తెరిచి చూడండి. బరువు, బీపీ, రక్తం, టీకాలు అన్నీ ఆమెవే. భర్త గురించి పేరూ ఫోన్ నంబరూ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. కానీ వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఆ రెండున్నర నెలల్లో అతను ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఏ మందుల మధ్య పనిచేశాడు అన్నదీ లెక్కలోకి రావాలి. గద్వాల, అయిజ, గట్టు, ధరూరు వైపు సీడ్ పత్తి చేలలో మగవాళ్లు ముక్కుకు గుడ్డైనా కట్టుకోకుండా పురుగుమందు కొడతారు. సాయంత్రం మొగ్గలు గిల్లి, తెల్లారి పూలు అద్దే క్రాసింగ్ పనిలో ఆడవాళ్లు అదే చేలో ఉంటారు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు పాలమూరును ఎంతకాలంగా పీడిస్తోందో మీకు తెలుసు. దానికి అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేసినా మూర్ఛలు వస్తాయి. అందుకే డాక్టరు సాయంతో ముందే మెల్లగా మాన్పించాలి. పిల్లలు కలగకపోతే ఏళ్ల తరబడి ఆడపిల్లనే దవాఖానల చుట్టూ తిప్పుతారు. భర్తకు చేయాల్సిన తేలికైన పరీక్ష అన్నిటికన్నా చివర్లో గుర్తొస్తుంది.

ఇద్దరినీ కలిపి చూస్తేనే బయటపడేవి కొన్నున్నాయి. తలసీమియా, సికిల్ సెల్ జన్యువు ఒక్కరిలోనే ఉంటే బిడ్డకు ఆ జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఉంటే మాత్రం ప్రతి కాన్పులో నాలుగో వంతు ముప్పు. మేనరికాలున్న మన ప్రాంతంలో ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. అమ్రాబాద్ అడవుల్లోని చెంచు పెంటల్లోనూ మన తండాల్లోనూ పెళ్లీడు వచ్చినవాళ్లకు ఈ పరీక్షలు ముందుగా అందాలి.

ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. ఆడపిల్ల పెళ్లికి సర్కారు డబ్బిచ్చే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ ఉన్నాయి. పేదింటి పెళ్లి సంగతి సర్కారుకు అధికారికంగా తెలిసే ఒక దారి, మీసేవలో పెట్టే ఆ దరఖాస్తు. చెక్కుల పంపిణీ సభకు వెళ్లి చూస్తే కొందరు ఆడపిల్లలు చంకలో బిడ్డతో వచ్చి ఉంటారు. కాబట్టి జంటను పరీక్షలకు పిలిచే కబురు చెక్కుతో పాటు వెళ్తే లాభం లేదు, దరఖాస్తు అందిన వెంటనే వెళ్లాలి. జంట ఒప్పుకుంటే వారి వివరాలు ఆ ఊరి ఏఎన్‌ఎంకు చేరాలి. ఇద్దరూ కలిసి పీహెచ్‌సీకి వచ్చేలా ఒక తేదీ ఇవ్వాలి. రక్తం, బీపీ, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్, తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా చేయించాలి. రుబెల్లా టీకా వేసుకోని వారికి వేసి, ఆ తర్వాత నెల రోజులు గర్భం రాకుండా జాగ్రత్త చెప్పాలి. మూర్ఛకు వాల్ప్రోయేట్ వాడుతున్న ఆడపిల్ల ఉంటే, తనంతట తాను మందు ఆపకుండా డాక్టరు వేరే మందుకు మార్చాలి. చివరగా మూడు నెలలకు సరిపడా ఫోలిక్ యాసిడ్, ఐరన్ గోలీలు చేతిలో పెట్టి పంపాలి.

కొన్ని హద్దులూ ఉండాలి. పరీక్షకు రాలేదని కల్యాణలక్ష్మి డబ్బు ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఎవరి ఫలితం వాళ్లకే చెప్పాలి, అత్తమామలకు కాదు. పిల్లల్ని ఎప్పుడు కనాలి, అసలు కనాలా వద్దా అన్నది ఆ ఇద్దరి ఇష్టం. ఇప్పుడే వద్దనుకునే జంటకు గర్భనిరోధక సాధనాలు అదే గదిలో, అంతే మర్యాదతో అందాలి. మొదటి కాన్పయిన తల్లి మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగాలన్న మాట భర్తకు కూడా వినబడాలి.

ఏర్పాట్లకు కొదవ లేదు. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో సర్కారు వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మూడు జిల్లాలకూ దారి చూపించగల డాక్టర్లు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారం క్లినిక్‌లు ప్రారంభమయ్యాయి. ఆ మంగళవారం భర్తకూ ఒక కుర్చీ వేయించండి. వలసపోయిన మగవాళ్లు ఊరికొచ్చేది ఉగాదికి, పీర్ల పండుగకు, దసరాకు, సంక్రాంతికి. ఆ వారాల్లో ఆదివారం కూడా పీహెచ్‌సీ తెరిచి ఉంచండి.

మూడు జిల్లాల్లో ఒక ఏడాది దీన్ని నడిపి చూడండి. గర్భిణిగా నమోదయ్యే నాటికి ఎందరు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారు, ఎందరికి రక్తం పదకొండు దాటి ఉంది, ఎందరు భర్తలు పరీక్షకు వచ్చారు అన్న లెక్కలు మండలాలవారీగా జనం ముందు పెట్టండి. ఫలితం బాగుంటే రాష్ట్రమంతా విస్తరించవచ్చు. లోపముంటే ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది.

ఈ లేఖ చదివే కొత్త జంటలు ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇద్దరూ కలిసి దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లి, పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పి, రక్తపరీక్షా గోలీలూ అడగండి. అలా అడిగిన వాళ్లను "నెల తప్పాక రండి" అని ఏ దవాఖానా వెనక్కి పంపకుండా చూడాల్సిన బాధ్యత, ముఖ్యమంత్రి గారూ, మీది.

ఇట్లు,
వనపర్తి నుంచి ఒక ఆరోగ్య కార్యకర్త