నికాహ్‌నామా చూపించి టీ తాగాలా?

మారేడుమిల్లిలో ఒక వసతిగృహం కౌంటరు ముందు నిలబడి మావారు తన ఫోనులో మా వలీమా ఫోటోలు చూపించారు. కౌంటరు వెనుక ఉన్న యువకుడు వాటిని ఒక్కొక్కటిగా వేలితో జరుపుతూ చూశాడు. మా అమ్మీ ముఖం చూశాడు. మా చెల్లెళ్ల ముఖాలు చూశాడు. తీరిగ్గా చూసి, తృప్తిపడి, తాళంచెవి ఇచ్చాడు. మాకంటే ముందు కారు దిగిన జంటను అతడు ఏమీ అడగలేదు. ఇద్దరి ఆధార్ కార్డులకు నకళ్లు తీసుకుని పంపించాడు. నేను బురఖాలో ఉన్నాను. మావారికి గడ్డం ఉంది. అంతకు మించి మాకూ వాళ్లకూ ఏ భేదమూ లేదు.

మాకు పెళ్లయి పదకొండేళ్లు. పిల్లలను వాళ్ల నానీ దగ్గర వదిలి మేమిద్దరమే ఊరు దాటడం అదే మొదటిసారి. రాజమహేంద్రవరం నుంచి 80 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రంపచోడవరం దాటాక అడవి దగ్గరపడుతుంది, గాలి చల్లబడుతుంది, మాటలు వాటంతటవే మొదలవుతాయి. ఆ మాటలన్నీ కౌంటరు దగ్గర ఆగిపోయాయి. గొడవ ఎందుకని ఆయన ఫోటో చూపించారు. ఆయన మంచితనాన్ని నేను శంకించను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను బాధించింది ఆ యువకుడి ప్రశ్న ఒక్కటే కాదు. ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పాం. అదే ఎక్కువగా బాధించింది.

ఈ వ్యాసం ఆ జవాబును వెనక్కి తీసుకోవడానికి రాస్తున్నాను.

ఆ యువకుడి అనుమానానికి కారణం ఏమిటి? నా కార్డులో మావారి ఇంటిపేరు లేదు. ఉండదు. వివాహమైనంత మాత్రాన స్త్రీ తన పేరునూ, తన ఆస్తినీ, తన వంశాన్నీ పోగొట్టుకోదన్నది ఇస్లాం ఆమెకిచ్చిన గౌరవం. పుట్టినప్పుడు పెట్టిన పేరుతోనే నేను నికాహ్‌కు సమ్మతి తెలిపాను. అదే పేరుతో బతుకుతున్నాను. ఆ గౌరవమే ఇవాళ నా మీద అనుమానానికి ఆధారమైంది. సరే, నికాహ్‌నామా అడగవచ్చుగదా అంటారా? ఏ దంపతులు లగ్నపత్రికను సంచిలో పెట్టుకుని జలపాతం చూడడానికి వెళతారు? ఇతరులెవరినీ అడగని పత్రాన్ని మమ్మల్ని మాత్రమే అడగడం జాగ్రత్త అనిపించుకోదు, వివక్ష అనిపించుకుంటుంది.

చట్టం ఏమంటున్నదో ప్రతి ముస్లిం కుటుంబమూ తెలుసుకోవాలి. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, వినోద స్థలాలలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుణ్నీ అడ్డగించరాదని రాజ్యాంగం 15వ అధికరణలోని రెండవ క్లాజు శాసిస్తోంది. టీకొట్టులో వేరే గ్లాసు, వేరే బల్ల చూసిన దళితుల అవమానం ఆ క్లాజు వెనుక ఉంది. గుర్తింపు కార్డు అడిగే అధికారం వసతిగృహానికి ఉంది, చూపించడం మన బాధ్యత. పెళ్లి రుజువు సంగతి వేరు. పెళ్లికాని వయోజనులు సైతం హోటల్ గదిలో కలిసి ఉండడాన్ని నిషేధించే చట్టమేదీ లేదని కోయంబత్తూరు వసతిగృహం కేసులో 2019లో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. పెళ్లికానివారినే చట్టం అడగని రుజువును పదకొండేళ్ల దాంపత్యాన్ని అడగడానికి ఆ కౌంటరుకు హక్కు ఎక్కడిది?

ఇదంతా ఒక కుర్రవాడి దురుసుతనం అని సరిపెట్టుకోవద్దు. ఆ ప్రశ్న అతడి నోటికి ఎలా వచ్చిందో చూడాలి. 2009 జనవరిలో మంగళూరులో ఒక పబ్‌లోకి చొరబడి అమ్మాయిలను కొట్టారు. 2014 అక్టోబరులో కోళికోడ్‌లో ఒక కెఫేలో జంటలు కూర్చుంటున్నాయన్న సాకుతో దాన్ని ధ్వంసం చేశారు. 2019 ఫిబ్రవరి 14న మన హైదరాబాదు శివార్లలోనే, కండ్లకోయ పార్కులో కూర్చున్న ఒక జంటకు బలవంతంగా తాళి కట్టించి, దాన్ని వీడియో తీసి ఊరంతా తిప్పారు. బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు మనుషులను చూసి, వాళ్లెవరో తేల్చే అధికారం తమదేనని వీధి నమ్మడం అలా మొదలైంది. ఆ ఇద్దరిలో ఒకరు ముస్లిం అయితే ఆ నమ్మకానికి 'లవ్ జిహాద్' అన్న పేరు తోడవుతుంది. ఆ మాటకు చట్టంలో నిర్వచనమే లేదనీ, అటువంటి కేసు ఒక్కటీ కేంద్ర సంస్థల దృష్టికి రాలేదనీ 2020 ఫిబ్రవరిలో లోక్‌సభకు లిఖితపూర్వకంగా చెప్పింది కేంద్ర హోంశాఖే. ఆ జవాబిచ్చిన సహాయమంత్రి మన తెలుగువాడైన కిషన్‌రెడ్డి గారే. పార్లమెంటులో లేని నేరం మారేడుమిల్లి కౌంటరు దగ్గర ఎలా ఉన్నది? ప్రచారం కొండలెక్కింది, సర్కారు జవాబు ఎక్కలేదు.

ఇంతవరకు చదివి తల ఊపుతున్న సోదరులను ఇక్కడ కొంచెం ఆగమంటాను. ఎందుకంటే ఊరికి తిరిగి వచ్చాక నన్ను రెండో కౌంటరు ఎదుర్కొన్నది.

మహల్లాలో పెద్దమనిషి ఒకరు మావారిని మస్జిద్ మెట్ల దగ్గర ఆపి, "ఇంటి ఆడవాళ్లను రోడ్డు పక్కన కూర్చోబెట్టి తినిపించడం మన తెహజీబేనా?" అని అడిగారట. మా ఫుప్పూ నాతో, "పిల్లల తల్లివి, ఇంకా షికార్లేమిటే?" అన్నది. ఆ పెద్దమనిషి ప్రతి సాయంత్రం మగ్రిబ్ తర్వాత ఇరానీ హోటల్లో ఇద్దరు మిత్రులతో గంటసేపు కూర్చుంటారు. ఆ హోటల్లో ఫ్యామిలీ రూమ్ అని ఒక తెర ఉంది. ఆ తెర వెనుక ఆయన బేగం సాహిబా ఒక్కనాడైనా కూర్చున్నట్టు నేను వినలేదు. ఆయనకు టీ విశ్రాంతి. ఆమెకు టీ అంటే పొయ్యి మీద కాగే మరో గిన్నె. హోటల్ వాడు మన నికాహ్‌ను శంకిస్తే వివక్ష అంటున్నాం. మనవాళ్లు మన భార్యల కాలికి గడప సంకెల వేస్తే తెహజీబ్ అంటున్నాం. రెండూ ఆ బల్ల దగ్గర నుంచి లేపేది ఒక్క స్త్రీనే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితం ఈ విషయంలో మనకేమి చూపుతోంది? మంచి రసం వండే పారశీక పొరుగువాడొకడు ఆయనను భోజనానికి పిలిచాడు. ఆయన హజ్రత్ ఆయిషా (ర)ను చూపి, ఈమె సంగతేమిటని అడిగారు. అతడు కాదన్నాడు. అయితే తానూ రానన్నారు. రెండోసారి పిలిచినా అంతే. మూడోసారి అతడు సరేనన్నాకే ఇద్దరూ లేచి అతడి ఇంటికి నడిచారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఉదంతమిది. ప్రయాణంలో ఆయన భార్యతో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచింది, మరోసారి ఆయన గెలిచారు. హబషీలు మస్జిద్‌లో ఈటెల ఆట ఆడుతుంటే ఆమె తనివితీరే వరకు ఆయన నిలబడి ఆమెకు చూపించారు. భార్యకు లేని పిలుపు తనకూ అక్కర్లేదన్న ప్రవక్త ఉమ్మత్‌లో, భార్యను ఇంట వదిలి దావత్‌కు వెళ్లడం మర్యాద ఎప్పుడైంది?

ఇంకా చేదైన మాట ఒకటి చెప్పాలి. బురఖా వేసుకున్న అమ్మాయి వేరే మతం సహోద్యోగితో కలిసి కనిపిస్తే వెంటపడి, ఫోనులో చిత్రీకరించి, ముసుగు తొలగించమని గద్దించే మన కుర్రవాళ్లు కొన్ని నగరాల్లో తయారయ్యారు. 2022 మే 4న సరూర్‌నగర్‌లో, నడిరోడ్డు మీద, తన చెల్లెలు ప్రేమించి పెళ్లాడిన దళిత యువకుణ్ని ఆమె కళ్లెదుటే చంపినవాడు మన సముదాయం వాడే. ఆ దంపతులు కూడా మాలాగే కలిసి వెళుతున్నారు, అంతే. ఆ హత్యను ఖండించకుండా కండ్లకోయ గురించి మాట్లాడే నోరు మనకు లేదు. కాపలా కర్ర ఎవరి చేతిలో ఉన్నా కర్రే.

పరాయి స్త్రీపురుషుల ఏకాంతం విషయంలో షరియత్ హద్దులు నాకు తెలియనివి కావు, వాటితో నాకు వివాదమూ లేదు. కానీ ఆ హద్దులకు జవాబుదారీ దాసుడికీ దైవానికీ మధ్య ఉంది. దివ్య ఖుర్ఆన్ సూరె హుజురాత్ 12వ వాక్యంలో అనుమానాలకూ, కూపీలు లాగడానికీ, చాడీలకూ ఒకేచోట నిషేధం ఉంది. గోడెక్కి ఒక మనిషి తప్పు పట్టబోయిన హజ్రత్ ఉమర్ (ర)కు, ఆ మనిషే ఆయన చేసిన తప్పులను లెక్కపెట్టి చూపాడనీ, ఆయన వెనుదిరిగారనీ మన పెద్దలు చెప్పుకునే గాథ ఊరికే పుట్టలేదు.

దుబారా కదా అంటారు కొందరు. దుబారాను నేను సమర్థించను. మా ప్రయాణానికైన ఖర్చు మన పెళ్లిళ్లలో ఒక్క దస్తర్‌ఖాన్ మీద పారేసే అన్నానికి సరిపోదు. హలాల్ ఎలా అంటారు మరికొందరు. దానికి మా అనుభవమే చెబుతాను. మర్నాడు రోడ్డు పక్కన ఒక కొండరెడ్డి మహిళ నడిపే కొట్టు దగ్గర ఆగాం. కోడిని తానే జిబహ్ చేస్తానని మావారు అడిగితే ఆమె కాదనలేదు. ముక్కలకు ఉప్పు, కారం, మసాలా పట్టించి పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద పెట్టింది. నూనె చుక్క వేయలేదు. అరగంటకు పైగా పట్టింది. ఆ సేపంతా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: కారం ఎంత వెయ్యాలి?

ఆ కొట్టును పొగడడంతో నా బాధ్యత తీరదు. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1970 నాటి ఒకటవ నిబంధన ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. అయినా బినామీ పేర్లతో చేతులు మారుతున్న నేల అది. పర్యాటకం పేరుతో సీసాలూ ప్లాస్టిక్కూ మిగిల్చి వచ్చేవాళ్లలో మనమూ ఉండకూడదు. మన గౌరవం కోసం నిలబడేవాళ్లు ఆ కొండల అసలు యజమానుల గౌరవానికీ నిలబడాలి. సాధ్యమైనంతవరకు వాళ్ల కొట్లలో తినండి, అడిగిన ధర ఇవ్వండి, చెత్త వెంట తెచ్చుకోండి.

ఇక చేయవలసినది. వసతిగృహాలు ఏ పత్రాలు అడుగుతాయో కౌంటరు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలని, అవి అందరికీ ఒకటే కావాలని పర్యాటక శాఖను మన సంఘాలు వినతిపత్రాలతో కోరాలి. వివక్ష ఎదురైతే తేదీ, సమయం రాసుకుని లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నోరెత్తకుండా గది తీసుకున్న మావంటివాళ్లం ఇంతకాలం ఆ వివక్షను పోషించాం. ఇమాములు ఒక్క జుమా ఖుత్బాలోనైనా ఆ పారశీక పొరుగువాడి విందు గురించి చెప్పాలి. భర్తలు నెలకొక్క సాయంత్రమైనా తమ టీ బల్ల దగ్గర రెండో కుర్చీ వేయాలి.

విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం అంటోంది. మన ఉద్యమాలు ఉద్యోగాల కోసం, వక్ఫ్ ఆస్తుల కోసం, ప్రాణాల కోసం సాగాయి, సాగాలి. కానీ బతికి ఉండడానికి మాత్రమే పోరాడే సముదాయం ఏదో ఒకరోజు బతకడం మరచిపోతుంది. భార్యాభర్తలు ఒక కొండ చూడడానికి, కలిసి ఒక ముద్ద తినడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

ఈ శీతాకాలం మేము మళ్లీ మారేడుమిల్లి వెళుతున్నాం. ఈసారి గుడిసె కొండ మీద సూర్యోదయం చూడాలని ఉంది. కౌంటరు దగ్గర రెండు ఆధార్ కార్డులు ఇస్తాం. ఫోను సంచిలోనే ఉంటుంది.