ఆ మచ్చ ఎక్కడిదమ్మా?

మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చానో లేదో, ఎదురింటి వదినగారు సెల్‌ఫోను పట్టుకుని వచ్చారు. వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు లెండి. "ఈ రెండు ఫోటోల్లో ఏది పంపమంటారు? మీరే చెప్పాలి" అన్నారు. ఒకటి మామూలుగా తీసింది. రెండోది అదే ఫోటోని ఫోనులో నున్నగా దిద్దింది. రంగు రెండు మెట్లు తేలింది, బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు పెద్దవయ్యాయి. గడ్డం మీద చిన్నప్పట్నించీ ఉన్న మచ్చ మాయం! వెనకే వచ్చిన వాళ్ళ అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "బాగున్నాది గానీ, ఈ గుంట ఎవులమ్మా?" అన్నారు.

అందరం నవ్వేశాం. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. దిద్దిన ఫోటోనే పంపమంది. రాత్రిపూట అన్నం మానేసి నెల దాటిందని, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర వదినగారు నెమ్మదిగా చెప్పారు.

ఫోటో దిద్దడం కొత్తేమీ కాదు సుమండీ. మన పెళ్ళిచూపుల రోజుల్లో స్టూడియో ఆయన నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు కప్పేసేవాడు. కాకపోతే అది జీవితంలో ఒకటి రెండుసార్లు. ఇప్పుడు ఫోను రోజూ అదే పని చేస్తోంది. మొహంలో కంటి కొసలు, ముక్కు కొన, పెదవుల అంచులు గుర్తుపట్టి, వాటిని పట్టుకుని దవడ సన్నం చేస్తుంది, చర్మం నునుపు చేస్తుంది. అందరినీ ఒకే అచ్చులో పోసేస్తుంది. రోజూ ఆ బొమ్మ చూసుకుని తర్వాత అద్దం ముందు నిలబడితే, పిల్లలకి అద్దమే అబద్ధం చెబుతున్నట్టు ఉండదూ?

చిత్రమేమిటంటే, ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లోనే ఇద్దరు కళాకారిణులు ఇదే తెర మీద ఇంకో దారి చూపించారు. మనం చూసి ఊరుకునే బొమ్మలు కావవి. చూసేవాళ్ళు చెయ్యి పెడితేనే కదులుతాయి.

మొదటిది 1996లో విక్టోరియా వెస్నా అమెరికాలో తయారుచేసిన 'బాడీస్ ఇన్‌కార్పొరేటెడ్'. అందులోకి వెళ్ళినవాళ్ళు తమకు కావలసిన ఒళ్ళు తామే కట్టుకోవచ్చు. ఆడ, మగ, పసిబిడ్డ అవయవాల్లోంచి తలొకటీ చేతులొకటీ ఏరుకోవచ్చు. చర్మం బదులు బంకమట్టి, రబ్బరు, చాక్లెట్, ఏదైనా పులుముకోవచ్చు. అంతా ఒక కంపెనీ వ్యవహారంలా నడుస్తుంది. ఒంటిని సరుకు చేస్తే ఇలాగే ఉంటుందని ఎత్తిపొడుపన్నమాట. ఆడపిల్లకి ధర కట్టడం గురించి మనకొకరు చెప్పాలా? గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడింది మా విజయనగరంలోనే కదా!

నాకు ఎక్కువ నచ్చింది రెండోది. 1997లో షెల్లీ జాక్సన్ అనే అమెరికా రచయిత్రి చేసిన 'మై బాడీ - ఎ వుండర్‌కామర్'. వుండర్‌కామర్ అంటే జర్మన్ భాషలో వింతల గది. పూర్వం యూరప్ రాజులు, కలవారు దేశదేశాల వింత వస్తువులు దాచుకునేవారు. మన అమ్మమ్మల భోషాణం లాంటిదే అనుకోండి. తెర మీద ఒక స్త్రీ బొమ్మ ఉంటుంది. ఆమే గీసింది. భుజం, మోచెయ్యి, పాదం ఇలా ఎక్కడ నొక్కితే అక్కడి కథ తెరుచుకుంటుంది. ఆ కథలోంచి ఇంకో చోటికి, అక్కడినించి మరో చోటికి మన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. జ్ఞాపకాలతోపాటు కల్పనా కలిపింది. తనకి తోక ఉందని కూడా రాసుకుంది, గడుసు మనిషి! అందంగా ఉందా లేదా అని ఎవరో మార్కులు వేసే ఒంటి మీద, తన చీటీలు తనే అంటించుకుంది.

నాకు వెంటనే మన పిల్లల భుజాలు గుర్తొచ్చాయి. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తింది. మొదట కంచు పతకం వచ్చింది. గెలిచినామె డోపు పరీక్షలో పట్టుబడటంతో అది వెండి పతకమైంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. మరి ఆ భుజాలని ఫోనుకి అప్పగిస్తే ఏం చేస్తుంది? సన్నగా చెక్కేస్తుంది!

ఈ వారం మీరూ ఒక పని చేసి చూడండి. కంప్యూటరు అక్కర్లేదు, తెల్లకాగితం, పెన్సిలు చాలు. మనిషి బొమ్మ ఎలా వస్తే అలా గీసి, ఒక్కో చోట చిన్న గడి కట్టండి. ఒకటే నియమం. ఎలా ఉందో రాయకూడదు. ఏం చేసిందో, ఏం జరిగిందో రాయాలి. నేను ముంజేతి దగ్గర 'సంక్రాంతి అరిసెలు, మూకుడులో నూనె చింది' అని రాశాను. పొట్ట మీది చారల దగ్గర ఇద్దరు పిల్లల పేర్లు రాశాను. పాదాల పగుళ్ళ దగ్గరకి వచ్చేసరికి కాగితం సరిపోలేదు.

ఇంకో మాట. "లావెక్కావే, నల్లబడ్డావే" అని మనం పలకరింపుగా అనేస్తాం. నేనూ అన్నదాన్నే. ఆ మాట వాళ్ళ పళ్ళెం దాకా వెళుతుంది. పిల్ల వరసగా భోజనం మానేస్తున్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా, నెలసరి ఆగినా తిట్టి లాభం లేదు, డాక్టరుకి చూపించండి. వదినగారికీ అదే చెప్పాను.

సాయంత్రం ఆ పిల్లని పిలిచి కాగితం ఇచ్చాను. "ఆ మచ్చ ఎక్కడిదమ్మా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏడో తరగతిలో నాన్న సైకిలు చెప్పకుండా తీసుకెళ్ళి గంటస్తంభం దగ్గర పడ్డాను అత్తయ్యా. మూడు కుట్లు పడ్డాయి. ఏడవలేదు. సైకిలు తొక్కుకుంటూనే ఇంటికొచ్చాను" అంది. చెబుతూంటే గడ్డం కాస్త పైకి లేచింది.

ఏ ఫోటో పంపారో నేనడగలేదు. మీ ఇంట్లో పిల్లని మాత్రం మీరు ఆ ప్రశ్న అడగండి. పనిలో పనిగా మీ అమ్మనీ అడగండి.