కూతురు గోదాలోకి దిగుతానంటే...

ఈ వారం ఉత్తరం కరీంనగర్ జిల్లా నుంచి. రాసినావిడ పేరు, వూరు వేయొద్దన్నారు కనక వేయడం లేదు. సంగతి ఇదీ. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, కాలేజీలో కబడ్డీ ఆడుతుంది, గట్టి పిల్ల. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. వాళ్లు వచ్చి ఆడినప్పుడు అన్నతో కలిసి వెళ్లి చూసొచ్చింది. అప్పట్నుంచీ ఒకటే పాట, తనూ రెజ్లర్ అవుతానని. పెళ్లికని బ్యాంకులో వేసిన డబ్బులోంచి ట్రైనింగ్ స్కూలు ఫీజు కట్టమంటోంది. తండ్రి మాట్లాడ్డం మానేశారు. "వద్దంటే చెప్పకుండా వెళ్లిపోతుందేమోనని భయం, సరేనంటే మెడ విరగ్గొట్టుకుంటుందేమోనని భయం. అసలు ఏ స్కూలు మంచిదో మనబోటివాళ్లకెలా తెలుస్తుంది?" అని అడిగారు.

మీ ఆఖరి ప్రశ్నే అసలు ప్రశ్నమ్మా. చేర్పించాలా వద్దా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు గానీ, ఎక్కడ అన్నది ఎవరూ అడగరు.

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. కుస్తీ అనగానే మీవారికి 'దంగల్' సినిమా గుర్తొస్తుందేమో. అది వేరు, ఇది వేరు. 2016లో రియో ఒలింపిక్స్‌లో సాక్షీ మలిక్ కాంస్య పతకం తెచ్చింది చూడండి, అది గెలుపోటములు అక్కడికక్కడే తేలే ఆట. పతకాలొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా దొరకొచ్చు. మీ అమ్మాయి చూసొచ్చినది ప్రొఫెషనల్ రెజ్లింగ్. తొంభైలలో మన తమ్ముళ్లు ట్రంప్ కార్డులు పెట్టుకుని పోట్లాడుకునేవారే, ఆ బాపతు. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడతారు. సగం కసరత్తు, సగం నాటకం. ఇందులో తప్పేం లేదు. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామమూర్తి నాయుడుగారు సర్కస్ కంపెనీ పెట్టి జనం ముందు బలప్రదర్శనలు చేసే కదా పేరు తెచ్చుకున్నారు! కాకపోతే దీనికి కోటాలూ పింఛన్లూ వుండవు. అమ్మాయికి ఈ తేడా తెలిసే అడుగుతోందా అన్నది మొదట కనుక్కోండి.

గెలుపు ముందే అనుకున్నదైనా, పడ్డం మాత్రం అబద్ధం కాదు. ఆ రింగు చూస్తే మెత్తటి పరుపనిపిస్తుంది కదూ! ఇనప చట్రం, దానిమీద చెక్కలు, చెక్కల మీద పల్చటి ఫోము, పైన కాన్వాసు గుడ్డ. అంతే. దానిమీద రోజుకి పదులసార్లు వెల్లకిలా పడాలి. గడ్డం ఛాతీకి ఆనించుకుని, వీపు పైభాగమంతా ఒక్కసారే తాకేట్టు, రెండు చేతులూ చాచి కింద చరుస్తూ, ఊపిరి వదుల్తూ పడాలి. దీన్ని వాళ్లు 'బంప్' అంటారు. గడ్డం లేచిందా, తల వెనకభాగం చెక్కకి కొట్టుకుంటుంది.

స్కూలు మంచిచెడ్డలు ఇక్కడే బయటపడతాయి. మంచి గురువు మొదట దొర్లడం నేర్పుతాడు. తర్వాత గొంతుక్కూర్చుని పడ్డం, ఆ తర్వాత నిలబడి పడ్డం. అది వొంటికి పట్టాకే తాళ్ల మధ్య పరుగు, పట్లు, ఎత్తి పడేయడాలు. తాళ్లు తగిలి పక్కటెముకల మీద చర్మం కమిలిపోతుంది, చూసి మీరు కంగారు పడకండి, అది మామూలే. కానీ చేరిన వారంలోనే పిల్లని తలమీదికెత్తి పడేసి వీడియో తీసుకునే చోటైతే, ఫీజు ఎంత తక్కువైనా సరే, ఆ పూటే బస్సెక్కి వచ్చేయండి. ఎత్తేవాడి చేతిలో ఎదుటివాళ్ల మెడ వుంటుంది. ఆ బాధ్యత కొత్తగా చేరిన ఇంకో కుర్రాడి చేతిలో పెట్టకూడదు.

ఇంకో మాట కూడా సూటిగా అడగండి: "తలకి దెబ్బ తగిలితే ఏం చేస్తారు?" కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం అన్నారంటే అక్కడ వద్దు. ఆ రోజుకి ఆపేసి డాక్టరుకి చూపించాలి, డాక్టరు సరేననేదాకా మళ్లీ రింగెక్కనివ్వకూడదు. మొదటి దెబ్బ మానకుండా రెండోది తగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఆడపిల్లల రెజ్లింగుకి జపాన్ పెట్టింది పేరు. అక్కడ పదేళ్లకి పైగా ఆడిన ప్లమ్ మారికో అనే ఆవిడ, 1997 ఆగస్టులో హిరోషిమాలో ఆడుతూ స్పృహ తప్పి, మర్నాడే పోయింది. అంతకుముందు ఎన్నోసార్లు తలకి దెబ్బలు తిన్న మనిషి. వయసు 29. మిమ్మల్ని హడలగొట్టడానికి కాదు, అనుభవం వున్నవాళ్లకైనా ఈ నియమం తప్పదని చెప్పడానికి.

ఇక పేరున్న స్కూలా, చిన్న స్కూలా అన్న సంగతి. గచ్చిబౌలిలో మీ అమ్మాయి రియా రిప్లీ, నటాల్యల ఆట చూసేవుంటుంది. నటాల్య కెనడాలో కాల్గరీ పట్నంలో తాతగారింటి నేలమాళిగలో నేర్చుకుంది. రియా ఆస్ట్రేలియాలో తన సొంతూరు అడిలైడ్‌లోనే నేర్చుకుని, 2013లో అక్కడే మొదటి ఆట ఆడింది. మన దేశంలో చూస్తే, గ్రేట్ ఖలీగా పేరుపడ్డ దలీప్ సింగ్ రాణా 2015లో పంజాబులోని జలంధర్‌లో శిక్షణ కేంద్రం పెట్టారు. హర్యానా నుంచి వెళ్లి అక్కడ నేర్చుకున్న కవితా దేవి, బిడ్డ తల్లి, సల్వార్ కమీజులోనే రింగులోకి దిగి పేరు తెచ్చుకుంది.

ఒక తమాషా చూడండి. 2017లో అమెరికాలో జరిగిన మే యంగ్ క్లాసిక్ పోటీలో కవితా, రియా ఇద్దరూ వున్నారు. ఇద్దరూ డకోటా కాయ్ అనే అమ్మాయి చేతిలోనే ఓడిపోయారు, కవిత మొదటి రౌండులో, రియా రెండో రౌండులో. కవిత 2016 దక్షిణాసియా క్రీడల్లో బరువులెత్తి బంగారు పతకం తెచ్చిన మనిషి, బలానికేం లోటు? ఆ అక్టోబరులోనే డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ఒప్పందం వచ్చింది, అది దక్కిన మొదటి భారతీయ మహిళ తనే. 2021లో ఆ ఒప్పందం ముగిసిపోయింది. రియా ఛాంపియనై గచ్చిబౌలి దాకా వచ్చింది. ఇందులో అదృష్టమూ వుంది, కంపెనీ వాళ్ల ఇష్టాయిష్టాలూ వున్నాయి, కాదనను. కానీ రియా 20 ఏళ్లకే ఆ పోటీకి వెళ్లేసరికి నాలుగేళ్లుగా సొంతూళ్లో చిన్న చిన్న హాళ్లలో ఆడివుంది. కవితకి అంత వ్యవధి దొరకలేదు. అందుకే స్కూలువాళ్లని ఫోటోల గురించి కాదు, ఇది అడగండి: "నేర్చుకున్నాక మా పిల్ల ఎక్కడ ఆడుతుంది? ఏడాదికెన్ని ఆటలు పెడతారు? కొత్తవాళ్లకి ఎన్నిట్లో చోటిస్తారు?" మన రాష్ట్రాల్లో ఇలాంటి ఆటలు అరుదు కనక ఈ ప్రశ్న మనకి మరీ ముఖ్యం.

తర్వాతది ఆడపిల్ల తల్లిగా మీరు అడగకుండా వుండలేనిది. అమెరికాలో ఒకప్పుడు ఫాబ్యులస్ మూలా అనే పేరుతో ఒకావిడ ఆడపిల్లలకి స్కూలు నడిపింది. శిక్షణా ఆవిడే, ఆటలు కుదిర్చేదీ ఆవిడే, చాలామందికి వుండే చోటూ ఆవిడ స్థలంలోనే. వచ్చిన డబ్బులో పెద్ద వాటా కోసుకునేదనీ, ఇంకా ఘోరాలు జరిగాయనీ దగ్గర పనిచేసినవాళ్లే చెప్పారు. ఆవిడ పేరు పెట్టిన పోటీకి 2018లో జనం గొడవ చేసి పేరు తీసేయించారు. 2020లో బ్రిటన్‌లో ఎందరో అమ్మాయిలు శిక్షకుల వేధింపులు బయటపెట్టారు. పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి విచారించి 2021లో నివేదిక కూడా ఇచ్చింది. ఆ మాటకొస్తే ప్రభుత్వం గుర్తించిన మన కుస్తీలోనూ 2023లో ఆడపిల్లలు వేధింపుల మీద ఢిల్లీలో ధర్నాకి కూర్చోవలసి వచ్చింది కదా!

అందుకని నేర్పేదీ, అన్నం పెట్టేదీ, ఆటలిచ్చేదీ ఒక్క చెయ్యే అయినచోట మరింత జాగ్రత్తగా వుండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి, జిరాక్సులు చాలు. సంతకం పెట్టమన్న కాగితాన్ని ఇంటికి తెచ్చి తెలిసిన వకీలుకి చూపించండి. "ఇన్నేళ్లు ఇంకెక్కడా ఆడకూడదు" అని వుంటే ఒప్పుకోవద్దు. నేర్పేవాళ్లలో ఒక్క ఆడమనిషైనా వుందా? హాస్టలు గది గొళ్లెం సరిగ్గా పడుతుందా? నవ్వకండి, స్వయంగా వేసి చూడండి. సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ ఆరా తీస్తామే, అందులో సగం చాలు. స్కూలువాళ్లు చూపించే పిల్లలతో కాక, మధ్యలో మానేసిన ఒకరిద్దరితో మాట్లాడితే అసలు సంగతులు తెలుస్తాయి. ఒకరోజు చెప్పి వెళ్లండి, మర్నాడు చెప్పకుండా వెళ్లండి. తల్లిదండ్రులు కూర్చుని చూడకూడదనే స్కూలు మనకక్కర్లేదు.

డబ్బు విషయం. పెళ్లి డబ్బు మొత్తం ముట్టుకోకండి. ఫీజు నెలనెలా కట్టనిస్తారేమో కనుక్కోండి, ఏడాదిది ఒకేసారి కట్టమంటే దెబ్బ తగిలి మానేస్తే తిరిగి ఇస్తారా అన్నది రాయించుకోండి. ఈ ఆటలో తగిలిన దెబ్బలకి బీమా వర్తిస్తుందా అని బీమావాళ్లనే అడగండి. అన్నిటికీ వర్తించదు.

అమ్మాయితో నా మాటగా చెప్పండి: డిగ్రీ అయ్యేదాకా ఇంట్లోనే వుండి, జిల్లా స్టేడియంలో జూడో నేర్పేవాళ్లుంటే చేరాలి. జూడోలో మొట్టమొదట నేర్పేది పడ్డమే. పొద్దున్నే లేచి ఆర్నెల్లు పడడం ఇష్టంగా చేసిందంటే ఆ కోరిక టీవీ చూసి పుట్టింది కాదని మీకూ తెలుస్తుంది. సన్నబడాలని గుడ్డూ పప్పూ మానేసి వుంటే అవి మళ్లీ మొదలుపెట్టండి, రోజుకో సున్నుండ కూడా.

స్కూలు చూడ్డానికి వెళ్లేటప్పుడు మీవారిని కూడా తీసుకెళ్లండి. రెండ్రోజులు గోడవారన కూర్చుని చూస్తే, దార్లో కూతురితో మాట్లాడ్డానికి ఆయనకీ ఏదో ఒకటి దొరుకుతుంది.