పేడలో కొత్త జీవికి పేరు పెట్టేదెలా?
వర్గీకరణకు కఠిన నిబంధనలు
గిరిజనుల వాటా దక్కాలంటే పంచాయతీలే మేల్కొనాలి

అరకులోయ: మన్యం పల్లెల్లో పశువుల సాల, దాని పక్కన పెంటకుప్ప సర్వసాధారణం. ఆ కుప్పలోని గుప్పెడు పేడలో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. వాటిలో అనేకం శాస్త్ర గ్రంథాలకు ఎక్కనివే. ప్రకృతి సేద్యం విస్తరించాక ఈ పేడకు విలువ పెరిగింది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపి జీవామృతం తయారు చేస్తున్నారు. అందులో నేలకు మేలు చేసేదేదో, కీడు చేసేదేదో తెలియాలంటే ముందుగా ఆ జీవిని గుర్తించాలి.

పోలికే పరీక్ష
పేడ నమూనాను పలుచన చేసి, పోషక పదార్థంపై పెంచి, ఒకే రకం బాక్టీరియాను వేరు చేయడం తొలి మెట్టు. పశువు పేగుల్లో గాలి తగలకుండా బతికే రకాలను గాలి చొరబడని సీసాల్లోనే పెంచాలి. అనంతరం దాదాపు 1,500 అక్షరాల 16ఎస్ జన్యువును, పేరున్న జాతుల జన్యువులతో పోలుస్తారు. పోలిక 98.7 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి కావచ్చు. పోలిక అంతకు మించినా కొత్తది కాదని తేల్చలేరు. మొత్తం జన్యుపటాల సామ్యం 95-96 శాతం లోపు ఉంటేనే వేరు జాతిగా భావిస్తారు. ఆకారం, పెరిగే ఉష్ణోగ్రత, కణంలోని కొవ్వు ఆమ్లాలనూ నమోదు చేస్తారు.

ఒకటి మందు... ఒకటి మృత్యువు
ఇంత జాగ్రత్త ఎందుకన్నదానికి మన్యమే సాక్ష్యం. ఇక్కడ పలుమార్లు వెలుగుచూసిన దొమ్మరోగానికి (ఆంత్రాక్స్) కారణం బాసిల్లస్ ఆంత్రాసిస్. పంట పురుగులను చంపే జీవ మందుగా వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్ దానికి అతి సమీప బంధువు. 16ఎస్ జన్యువు ఒక్కటే చూస్తే రెండింటినీ విడదీయడం కష్టం.

తీరానికి దక్కిన పేరు
ఉమ్మడి విశాఖ జిల్లాకు ఈ రంగంలో ఇప్పటికే చోటుంది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు చింతలపాటి శశికళ, చింతలపాటి వెంకట రమణల బృందం 2007లో రోడోవులమ్ విశాఖపట్నమెన్స్, మారిక్రోమాటియమ్ భీమ్లికమ్ అనే కొత్త బాక్టీరియా జాతులను ప్రకటించింది. విశాఖ, భీమిలి పేర్లు అలా ప్రపంచ జాబితాకెక్కాయి.

హక్కు ఎవరిది?
అంతర్జాతీయ నిబంధనల మేరకు 2001 నుంచి కొత్త జాతి నమూనాను కనీసం రెండు దేశాల భాండాగారాల్లో, పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచాలి. మరోవైపు మన జీవవైవిధ్య చట్టం-2002 విదేశీయులు జీవవనరులను పొందడంపై ఆంక్షలు విధించింది. కొత్త జాతిని దేశంలోని గుర్తింపు పొందిన భాండాగారంలో అప్పగించాలని, వాణిజ్య వినియోగం జరిగితే లాభంలో వాటా పంచాలని నిర్దేశించింది.

అయితే వాటా అడగాలంటే ఆధారం కావాలి. నమూనా ఏ ఊరి సాల నుంచి, ఏ తేదీన, ఎవరి అనుమతితో తీశారన్నది రాతలో ఉండాలి. స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలని చట్టం చెబుతున్నది అందుకే. ఆ రిజిస్టర్లలో చెట్టూ పుట్టతో పాటు పశువుల జాతులను, సేకరించిన పేడ నమూనాలను కూడా నమోదు చేయాల్సి ఉంది. లేనిపక్షంలో పేరు శాస్త్రవేత్తకు, లాభం కంపెనీకి దక్కుతాయి. తెల్లవారుజామునే పేడ ఎత్తిన గిరిజన మహిళకు మిగిలేది ఖాళీ గంపే.