సైకిలుపై స్వగ్రామానికి

ఢిల్లీ ఉత్తర భాగాన ముఖర్జీ నగర్ అనే పేట ఉన్నది. సివిల్ సర్వీసుల పరీక్షలకు చదివే యువకులతో, ముఖ్యంగా హిందీ మాధ్యమం వారితో, ఆ పేట ఏడాది పొడుగునా కిటకిటలాడుతుంటుంది. బత్రా సినిమా పేరుతో పిలిచే కూడలి చుట్టూ శిక్షణ కేంద్రాలు, జిరాక్సు దుకాణాలు, టీ బండ్లు, మంచం వేస్తే మనిషికి చోటు చాలని అద్దె గదులు. తెలుగు విద్యార్థులు ఎక్కువగా రాజేంద్ర నగర్ వైపు ఉంటారు గానీ, ఇక్కడా ఒకరిద్దరు తారసపడుతుంటారు. గడచిన చలికాలంలో అటువంటి ఒక అబ్బాయిని చూడడానికి మేము వెళ్లవలసి వచ్చింది.

అతడు మా సహోద్యోగి కుమారుడు. స్వస్థలం నిర్మల్. ఈ పరీక్షలో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల వయోపరిమితి లోపల ఆరు అవకాశాలు మాత్రమే. ఆ ఆరూ అయిపోయినవి. మెయిన్స్ ఫలితాలలో తన నంబరు లేదని తెలిసిన వారం లోపల తండ్రికి ఫోను చేసి, రైలులో రాననీ, సైకిలుపై వస్తాననీ చెప్పాడట. తండ్రికి గుండె జారిపోయింది. "మీరు ఢిల్లీలోనే ఉన్నారు. ఇంజనీరు కూడాను. అది కుదరదని లెక్క వేసి చూపించండి సార్" అని మమ్మల్ని కోరారు. కుదరదని చెప్పడానికే మేము బయలుదేరాము.

గది దాదాపు ఖాళీగా ఉన్నది. పుస్తకాలన్నీ తూకానికి అమ్మివేశాడు. గోడకు ఒక సైకిలు ఆనించి ఉన్నది. అతడు మాతో వాదించలేదు. పటం తెరచి, "ఇక్కడి నుంచి మా ఊరికి ఒకటే రోడ్డు అంకుల్" అన్నాడు.

ఆ మాట నిజమే. ముఖర్జీ నగర్‌కు పడమరగా కొద్ది దూరంలో గ్రాండ్ ట్రంక్ రోడ్డు పోతున్నది. అక్కడి వారు దానిని జి.టి. కర్నాల్ రోడ్డు అంటారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు గల మార్గమంతా 44వ నంబరు రహదారి అయినది. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, సివనీ, నాగపూర్‌ల మీదుగా వచ్చి, పెన్‌గంగ దాటి తెలంగాణలో ప్రవేశిస్తుంది. ఆదిలాబాద్ తరువాత నిర్మలే. మొత్తం పదమూడు వందల కిలోమీటర్ల పైచిలుకు.

ఈ రోడ్డుకు సైకిలు కొత్త కాదు. థామస్ స్టీవెన్స్ అనే ఆయన 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద ముందుచక్రపు సైకిలెక్కి, ఆగస్టు 4న బోస్టన్ చేరాడు. సుమారు 3,700 మైళ్లు. అందులో చాలా దూరం సైకిలును నడిపించుకుంటూ పోయినదే. అమెరికా ఖండాన్ని సైకిలుపై దాటిన మొదటివాడు ఆయనే. మారుబట్టలు కొద్దిగా, గుడారంగా కూడా పనికివచ్చే వానకోటు, ఒక రివాల్వరు ఆయన సామాను. ఆ ప్రయాణాన్ని ప్రపంచయాత్రగా పొడిగించి, 1886లో లాహోరు నుండి కలకత్తా వరకు ఈ గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదనే తొక్కాడు. మనవారూ తీసిపోలేదు. 1923 అక్టోబరులో బొంబాయి నుండి బయలుదేరిన పార్సీ యువకులలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అనే ముగ్గురు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో ఇల్లు చేరారు.

ఇక లెక్క. సైకిలు 15 కిలోలు, సామాను 15, మనిషి 65 అనుకుందాము. మొత్తం 95. ముప్పైకి ఒకటి చొప్పున లేచే ఎగువలో గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, ఎత్తు ఎక్కడానికే 85 వాట్ల పైన శక్తి కావాలి. అందులో సుమారు ఆరవ వంతు సామాను కోసమే ఖర్చవుతుంది. చదును నేల మీద శత్రువు బరువు కాదు, గాలి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. పదిహేను నుండి ఇరవైకి వేగం పెంచితే ఆ ఖర్చు రెండింతలు దాటుతుంది. అందుచేత నెమ్మదిగా పోయేవాడే దూరం పోతాడు. రోజుకు 80 కిలోమీటర్లు, పదిహేడు రోజులు. కుదరదని నిరూపించబోయిన మా కాగితం కుదురుతుందనే చెప్పింది.

అప్పుడిక మేము కూర్చుని సామాను జాబితా తయారు చేయించాము. రెండు ట్యూబులు, పంక్చరు సొల్యూషను, పంపు, చైను లింకులు అతడే రాసుకున్నాడు. వెనుక చక్రపు స్పోకుల సంగతి మేము జ్ఞాపకం చేశాము. బరువంతా వెనుక క్యారియరు మీద పడుతుంది. ఫ్రీవీలు వైపు స్పోకులకు బిగువు ఎక్కువ. విరిగితే ఫ్రీవీలు ఊడదీయనిదే కొత్తది ఎక్కదు. ఆ పనిముట్టు చిన్నదే కానీ పల్లె దుకాణంలో దొరకకపోవచ్చును. పొగమంచు తగ్గేవరకు ఆగమనీ, చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండవద్దనీ మాట తీసుకున్నాము. తండ్రికి ఫోను చేసి లెక్క చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఒక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేము. 2020 మే నెలలో, రైళ్లు బస్సులు లేని రోజులలో, గాయపడిన తండ్రిని వెనుక కూర్చోబెట్టుకుని పదిహేనేళ్ల బాలిక గురుగ్రామ్ నుండి బీహారులోని దర్భంగా వరకు సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. ఆ రోజులలో ఎందరో కూలీలు అలాగే ఇల్లు చేరారు. ఎవరి సాయమూ లేకుండా పోవడం వారికి సరదా కాదు, గత్యంతరం లేక చేసిన పని. ఇష్టపడి బయలుదేరేవాడు ఆ తేడాను మరువరాదు. ఈ మాట అతనితోనూ అన్నాము.

ఫిబ్రవరిలో బయలుదేరాడు. ధోల్‌పూర్ వద్ద చంబల్, నరసింహపూర్ జిల్లాలో నర్మద దాటాడు. ధాబాలలో, గురుద్వారాలలో, ఒకటి రెండు చోట్ల పెట్రోలు బంకులలో పడుకున్నాడు. సివనీ దాటాక స్పోకు విరిగింది. చెట్టు కింద కూర్చుని తానే మార్చుకున్నాడట. ఎదురుగాలి రెండు రోజులు తినివేసింది.

పందొమ్మిదవ రోజున పెన్‌గంగ వంతెన దగ్గర తండ్రి వ్యానుతో నిలబడి ఉన్నారు. ఇంకా వంద కిలోమీటర్ల దాకా ఉన్నది, సైకిలు వ్యానులో వేయమన్నారు. "నాన్నా, ఇదొక్కటైనా నన్ను చివరిదాకా పూర్తి చేయనివ్వు" అన్నాడు కొడుకు. ఆయన ఒక సీసా నీళ్లు ఇవ్వబోతే, "నా దగ్గర ఉన్నవి" అన్నాడట. మరునాడు సాయంత్రం ఘాట్ దిగి ఇల్లు చేరేసరికి ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

ఈ సంగతులన్నీ ఆయనే మాకు ఫోనులో చెప్పారు. చెబుతూ, ఆరు సంవత్సరాలలో కొడుకు తనతో అంతసేపు మాట్లాడడం ఆ రాత్రేనని అన్నారు. అబ్బాయి ఇప్పుడు ఊరిలో పిల్లలకు గణితం చెబుతున్నాడు. ముందు ఏమి చేస్తాడో మేము అడగలేదు. మేము వేసిన లెక్కలో ఒక తప్పు మాత్రం దొరికింది. రోజులు పదిహేడు అన్నాము, ఇరవై పట్టినవి. ఆ మూడు రోజులను మేము సంతోషంగా మా ఖాతాలో రాసుకున్నాము.